బయటివాడి సాక్ష్యం

ఆ ఎండాకాలం మూడు నెలలూ మా ఇంట్లో కోపమంతా నా ఒక్కదానికే వచ్చింది. మా ఆయనకి రాకూడదు. ఆయన పరీక్షలో ఉన్నాడు.

మార్చి మొదటి ఆదివారం పాస్టర్ అబ్దియాస్ గారు మా ఆయన ఎవెలియోని ముందుకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఇతన్ని సంఘానికి పరిచారకుడిగా నిలబెట్టాలనుకుంటున్నామని చెప్పారు. పెంతెకోస్తు పండగ దాకా పరీక్ష. ఆ మూడు నెలల్లో ఎవర్నీ తిట్టకూడదు, తగాదా పడకూడదు, మాట తప్పకూడదు, ఇంటిని చక్కగా ఏలుకోవాలి. చివర్లో, మా సంఘంలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి ప్రకారం, సంఘానికి చెందని మనిషి ఒకడు వచ్చి, అందరి ముందూ నిలబడి, ఆయన ఎలాంటివాడో చెప్పాలి. ఆ సాక్ష్యం బాగుంటేనే తలకి నూనె రాసి చేతులుంచుతారు. లేదంటే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

"ఇంటిని చక్కగా ఏలుకోవాలి" అన్నప్పుడు ఆడవాళ్ళ బెంచీల్లో నలుగురు తల తిప్పి నా వంక చూశారు. నా నోటి సంగతి ఊరికి తెలుసు. నేను పాటల పుస్తకంలో మొహం పెట్టుకున్నాను.

ఇందులో నా స్వార్థం ఉంది, దాచను. మా నాన్న తాగుతాడని సంఘం ఆయన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. క్రమశిక్షణ కింద పెట్టడం అంటారు మా దగ్గర. అలా పెట్టినవాళ్ళు పాడకూడదు, నలుగురిలో ప్రార్థన చెయ్యకూడదు, ప్రభు బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. మా నాన్న ఆ బెంచీ మీదే ముసలివాడై, అక్కణ్ణుంచే పోయాడు. పరిచారకుడి భార్య ముందు వరసలో కూర్చుంటుంది. ఆ వెనక బెంచీ నుంచి ఈ ముందు బెంచీకి పదిహేను అడుగులుంటుందేమో. అది నడవాలని నాకు చిన్నప్పట్నుంచీ ఉంది.

చిక్కేమిటంటే మా ఆయన ఊరి నీళ్ళ మనిషి కూడా. మా ఊరు ఎల్ సార్సల్ మొత్తానికి కొండ మీది ఊట నుంచి వచ్చేది ఒకటే పైపు. తెల్లవారి ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా కింద పేటకి నీళ్ళు. తొమ్మిదింటికి కింద వాల్వు కట్టేస్తేనే పై పేట మిట్ట మీదికి ఎక్కుతాయి. ఒంటిగంటకి అంతా కట్టేసి ట్యాంకు నిండనివ్వాలి. ఆ వాల్వు మా ఇంటి ముందే ఉంది, సిమెంటు మూత కింద. దాన్ని తిప్పడానికి నడుమెత్తు ఇనప రాడ్డు. అది ఎవెలియో చేతిలో ఉంటే ఊళ్ళో సగం మంది దణ్ణం పెడతారు, మిగతా సగం మంది తిడతారు. గంట మారితే దణ్ణాలూ తిట్లూ అటూ ఇటూ మారతాయి.

ఒకరోజు నేను తలకి సబ్బు పట్టించుకుని ఉన్నాను. పెరట్లో పంపు కింద వంగి, కళ్ళు మూసుకుని. నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి. రేడియోలో తొమ్మిదింటి వార్తల బాజా మోగుతోంది.

"ఎవెలియో!" అని అరిచాను. "తలకి సబ్బుందయ్యా!"

"తొమ్మిదైంది," అన్నాడు వీధిలోంచి.

"కట్టుకున్న పెళ్ళాన్ని!"

"పై పేటలో కూడా పెళ్ళాలున్నారు, ఒదీలియా."

కళ్ళు మండిపోతుంటే అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన లోపలికి వచ్చి, తాగే కుండలోంచి ఒక గిన్నెడు ముంచి, కొంచెం కొంచెంగా నా తల మీద పోశాడు. సాయంత్రం దాకా ఆయన తన వంతు నీళ్ళు తాగలేదు. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. తిట్టేవాడితో బతకొచ్చు. తిట్టించుకుని దాహంతో కూర్చునేవాడితో ఎలా బతికేది?

మా ఇంటికి రోడ్డవతల డోన్ తాంచో పచ్చి ఇటుకలు కోసే స్థలం ఉంది. ఎండాకాలమే ఆయనకి పని. ఎర్రమట్టిలో పైన్ ఆకు కలిపి, నీళ్ళు పోసి, మోకాళ్ళ దాకా దిగి తొక్కుతాడు. గుడ్ ఫ్రైడే నాడు ఊరేగింపులో విగ్రహం మోస్తాడు, మిగతా రోజుల్లో సారా మోస్తాడు. ఆయన నోటికి ఊళ్ళో కుక్కలు కూడా దారిస్తాయి. రోజూ తొమ్మిదింటికి మాకు ఆయన చేతిలో పూజ జరిగేది.

"ఏం బ్రదరూ! మీ వాక్యంలో ఎవరో కర్రతో కొడితే బండలోంచి నీళ్ళొచ్చాయటగా. నీ చేతిలో ఇనప రాడ్డుంది. నువ్వేమో వచ్చే నీళ్ళు కట్టేస్తున్నావు!"

"తొమ్మిదైంది డోన్ తాంచో. పై పేట వాళ్ళు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు."

"వాళ్ళు బిందెలు పెట్టుకున్నారు, నేను మట్టి పెట్టుకున్నాను. బిందె ఎండితే పగులుతుందా? మట్టి ఎండితే పగులుతుందిరా!"

ఆ తర్వాత మా అత్తగారి గురించి ఒక మాట అన్నాడు. అది నేను రాయను. ఎవెలియో మూత వేసి, "రేపు ఐదింటికి వదుల్తాను," అని లోపలికొచ్చి కాఫీ తీసుకున్నాడు.

"వాడు మీ అమ్మనన్నాడు. విన్నావా?"

"విన్నాను."

"ఏమీ అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

ఆయన ఇంకో గుక్క తాగి, "చక్కెర కొంచెం తక్కువైంది," అన్నాడు.

నెలాఖరున పాస్టర్ గారు సాక్షి పేరు చెప్పారు. డోన్ తాంచో. సంఘంలో అందరూ ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. కూడిక అయ్యాక నేను పాస్టర్ గారిని గుమ్మంలోనే పట్టుకున్నాను.

"అయ్యగారూ, ఊళ్ళో మంచివాళ్ళెవరూ దొరకలేదా?"

"మంచివాళ్ళు అందర్నీ మంచివాళ్ళే అంటారు సిస్టర్. వాళ్ళ సాక్ష్యంతో నాకేం పని?" అన్నారు ఆయన చల్లగా.

మర్నాడే డోన్ తాంచో మా కంచె దగ్గరకొచ్చాడు. కాళ్ళకి మట్టి మోకాళ్ళ దాకా ఉంది. కంచె మీద మోచేతులు ఆనించి, తీరిగ్గా నవ్వాడు.

"నీ మొగుడి సంగతి నన్ను చెప్పమన్నారటగా?"

"ఔను డోన్ తాంచో. రెండు మంచి మాటలు చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"ఏముంది చెప్పడానికి? తొమ్మిది కొట్టగానే కట్టేస్తాడని చెప్తా. నేనైనా ఒకటే, వాళ్ళమ్మయినా ఒకటే, ఎంత మొత్తుకున్నా రాడ్డు వెనక్కి తిప్పడని చెప్తా. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకలవాటు."

ఆ రాత్రి అన్నం దగ్గర ఎవెలియోని బతిమాలాను. తొమ్మిది దాటాక డోన్ తాంచోకి ఇంకో అరగంట వదిలితే చాలన్నాను. పండగ అయ్యేదాకానే అన్నాను.

"పై పేట చివర దోన్యా ఎర్లిందా ఉంది," అన్నాడు ఆయన. "పైపు నిండి ఆవిడ పంపు దాకా నీళ్ళు వెళ్ళేసరికే పదకొండవుతుంది. అరగంట ఇక్కడ పోతే అక్కడ బిందె తగ్గుతుంది."

"ఒక్క బిందె కోసం నీ అభిషేకం పోగొట్టుకుంటావా?"

"బిందె ఆవిడది, ఒదీలియా."

ఇలాంటి మనిషికి ఏం చెప్పగలం? తోర్తియా రొట్టె తుంచి చిక్కుడు గింజల్లో ముంచుకుని ప్రశాంతంగా తింటున్నాడు. నాకు ఆ పళ్ళెం ఎత్తి అవతల పారెయ్యాలనిపించింది.

ఏప్రిల్ మధ్యలో కొండ మీద ఒక చెట్టు కూలి ఊట దగ్గరి సిమెంటు పెట్టె పగిలింది. ఎవెలియో ఇంకో నలుగురితో కలిసి రోజూ తెల్లవారకముందే ఎక్కి, మధ్యాహ్నం రెండింటికి దిగేవాడు. పని ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. వెళ్ళేముందు కింద వాల్వు తెరిచి, రాడ్డు నా చేతికిచ్చేవాడు.

"తొమ్మిదింటికి," అనేవాడు.

"తెలుసు," అనేదాన్ని.

మొదటిరోజు తొమ్మిదింటికి రాడ్డు పట్టుకుని బయటికొచ్చాను. రోడ్డవతల డోన్ తాంచో ఒక్కడే మట్టిలో దిగి తొక్కుతున్నాడు. నన్ను చూసి తిట్టలేదు. ఆడమనిషిని కదా, చెమట తుడుచుకుని, "అంతేనా అమ్మా? అయిపోయిందా?" అన్నాడు, అంతే. సగం మట్టి పొడిగా తెల్లబడి ఉంది.

నేను రాడ్డు గోడకి ఆనించాను.

"మా ఆయన చెప్పి వెళ్ళాడు," అన్నాను. "పదకొండు దాకా మీకు వదలమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. డోన్ తాంచో మట్టిలో అలాగే నిలబడిపోయాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవెలియోనా?" అన్నాడు రెండుసార్లు.

రోజూ రెండు గంటలు. కింద పేటలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. వచ్చే నీళ్ళని ఎందుకొస్తున్నావని ఎవరడుగుతారు? పై పేట నుంచి మాత్రం ఆడవాళ్ళు దిగొచ్చారు. ఊట దగ్గర పని జరుగుతోంది కదా, ధార తగ్గిందని వాళ్ళకి చెప్పాను. నమ్మారు. నీళ్ళ మనిషి పెళ్ళాం చెబితే నమ్మక ఏం చేస్తారు? ఒకరిద్దరు పాపం నాకు నిమ్మకాయలు కూడా ఇచ్చి వెళ్ళారు.

నమ్మనిది మా ఆయనే.

"ఊట బాగానే ఉంది," అన్నాడు మూడోరోజు. "ట్యాంకులోకి ఎప్పటంత పడుతోంది. పై పేటకి చేరట్లేదంటే మధ్యలో ఎక్కడో లీకుంది."

"ఉంటే ఉంటుంది. వానలొచ్చాక చూసుకోవచ్చు."

"అప్పటిదాకా వాళ్ళేం తాగుతారు?"

ఇక ఆ రోజు నుంచి కొండ దిగి వచ్చి, రెండు తోర్తియాలు నిలబడే తిని, పార భుజాన వేసుకుని పైపు వెంట తవ్వడానికి వెళ్ళేవాడు. మధ్యాహ్నపుటెండలో, రాయిలా బిగిసిన నేలలో. నాలుగడుగులకొక గుంట. ఒక్కో గుంటలో దిగి, మట్టి వేళ్ళతో నలిపి, తడి ఉందేమోనని వాసన చూసేవాడట. సాయంత్రం చేతులు బొబ్బలెక్కి వచ్చేవాడు. నేను ఉప్పునీళ్ళలో ఆ చేతులు పెట్టించి గుడ్డ చుట్టేదాన్ని.

"దొరికిందా?"

"ఇవాళ దొరకలేదు."

ఆ లీకు ఆయన ఎదురుగానే కూర్చుని ఆయన చేతులకి గుడ్డ చుడుతోంది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చేది. పండగ దాకా ఆగితే చాలు కదా, డోన్ తాంచో ఇప్పుడు రోడ్డు మీద ఎదురైతే మా ఆయనకి టోపీ తీస్తున్నాడు కదా అని మింగేసేదాన్ని. పైగా ఆయన మీదే కోపం వచ్చేది. ఎవరు తవ్వమన్నారు? మామూలు మనిషైతే రెండు రోజులు తవ్వి, దేవుడి మీద భారం వేసి పడుకోడూ?

ఎనిమిదోరోజు దోన్యా ఎర్లిందా వాగు లోయలోకి దిగింది. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిది, ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి సంఘంలో బెంచీలు తుడిచేది. పంపులో మూడు రోజులుగా చుక్క రాలేదు. ప్లాస్టిక్ బిందె పట్టుకుని దిగుతూ రాయి జారి పడింది. కుడి మణికట్టు విరిగింది.

కోడి పులుసు కాచి తీసుకెళ్ళాను. మంచం మీద చెయ్యి చెక్కలకి కట్టుకుని కూర్చుని ఉంది. గుమ్మం ముందే మోకాళ్ళ లోతు గుంట. దాటి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

"నీ మొగుడేనమ్మా తవ్వింది," అంది ఆవిడ. "తవ్వీ తవ్వీ, ఏమీ దొరక్క, చివరికి నన్నే క్షమించమన్నాడు పిచ్చి నాయన. ఇవాళ దొరకలేదు దోన్యా, రేపు ఇంకోచోట చూస్తానన్నాడు. ఊట ఎండితే అతనేం చేస్తాడు చెప్పు? నేను రోజూ అతని కోసమే ప్రార్థన చేస్తున్నాను. నీ కోసం కూడా."

"పులుసు వేడిగా ఉంది. చూసుకుని తాగండి," అన్నాను.

తొమ్మిదోరోజు తొమ్మిదింటికి వాల్వు కట్టేశాను. డోన్ తాంచో ఏమీ అనలేదు. ఆయన ఇటుకలు వరసలు వరసలుగా ఎండలో ఆరుతున్నాయి, ఎండాకాలం పని సగానికి పైగా అయిపోయింది. పదకొండున్నరకి పై పేట చివరి పంపులో నీళ్ళు దూకాయి.

అసలు కథ చూడండి. ఆ బుధవారం ప్రార్థన కూడికలో ఎవెలియో లేచాడు. జనంలో మాట్లాడటం ఆయనకి రాదు. గుడ్డ చుట్టిన చేతుల్లో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"లీకు నేను కనుక్కోలేకపోయాను," అన్నాడు. "ప్రభువు తానే మూసేశాడు. ఆయనకి వందనాలు."

"ఆమెన్!" అన్నారందరూ. దోన్యా ఎర్లిందా మంచి చెయ్యి పైకెత్తింది. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. నా జీవితంలో అంత చేదు మాట ఇంకోటి నోట్లోంచి రాలేదు.

వానలు ఆలస్యమయ్యాయి. పెంతెకోస్తు ఆదివారం నాటికి కూడా ఆకాశం ఇత్తడి రంగులోనే ఉంది. నేను తెల్ల జాకెట్టు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నాను. రెండో వరసలో కూర్చున్నాను, పిలిస్తే ముందుకు వెళ్ళడానికి వీలుగా. బల్ల మీద నూనె సీసా ఉంది.

డోన్ తాంచో వచ్చాడు. ఉతికిన చొక్కా, తలకి ఘాటైన నూనె, కాళ్ళకి జోళ్ళు. ఆయన కాళ్ళు మట్టి లేకుండా చూడటం అదే మొదటిసారి. ముందు నిలబడి, గొంతు సవరించుకుని, మా అందర్నీ భయంగా చూశాడు.

"నాకు ఇలాంటి చోట మాట్లాడటం అలవాటు లేదు," అన్నాడు. "ఇతన్ని నేను తిట్టాను. మీకందరికీ తెలుసు, వినేవుంటారు. వాళ్ళమ్మని కూడా అన్నాను. తిరిగి ఒక్కమాట అనలేదు. సరే, చేతకానివాడులే అనుకున్నాను. కానీ అంత తిట్టించుకున్నవాడు ఏం చేశాడో తెలుసా? ఏప్రిల్లో నా మట్టి ఎండిపోతుంటే, పెళ్ళానికి చెప్పి, ఎనిమిది రోజులు, రోజుకి రెండు గంటలు నాకు ఎక్కువ నీళ్ళు వదిలించాడు. పదకొండు దాకా! ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ నా ఇటుకలు నిలబడ్డాయంటే ఇతని వల్లే. నేను మీ సంఘం వాణ్ణి కాదు. కానీ దేవుడి మనిషంటే ఇలా ఉంటాడని ఇప్పుడు తెలిసింది."

చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు.

ఎవరూ ఆమెన్ అనలేదు. పై పేట వాళ్ళందరూ కుడివైపు బెంచీల్లో ఉన్నారు. దోన్యా ఎర్లిందా తన కట్టు వంక చూసుకుంది, తర్వాత ఎవెలియో వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్క తేలని అయోమయం ఉంది.

"బ్రదర్ ఎవెలియో," అన్నారు పాస్టర్ గారు నెమ్మదిగా. "ఇది నిజమేనా?"

ఎవెలియో నా వైపు చూడలేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని చూడలేదు. తన అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు మానిన చోట చర్మం ఇంకా గులాబీ రంగులో ఉంది.

"ఊరు రాడ్డు నా చేతికిచ్చింది అయ్యగారూ. నీళ్ళు ఎటు పోయినా జవాబు నాదే."

"వదలమని నువ్వు చెప్పావా?"

"జవాబు నాదే," అన్నాడు మళ్ళీ. అబద్ధమాడటం ఆయనకి రాదు. నన్ను పట్టివ్వడమూ రాదు.

నేను లేచాను. "తొమ్మిదింటికి కట్టెయ్యమనే ఆయన చెప్పి వెళ్ళాడు. పదకొండు దాకా వదిలింది నేను. ఆయన చెప్పాడని డోన్ తాంచోతో అబద్ధం చెప్పింది కూడా నేనే." నా గొంతు సంతలో ఉల్లిపాయలు అడిగినంత మామూలుగా వినిపించింది. తర్వాత దోన్యా ఎర్లిందా వైపు తిరిగాను. ఆవిడతో ఏదో అన్నాను. అది గుర్తులేదు.

పాస్టర్ గారు నూనె సీసాకి మూత బిగించారు.

"నేను మంచే చెప్పాను కదయ్యా!" అంటున్నాడు డోన్ తాంచో ముందు నిలబడి, అందరి మొహాలూ చూస్తూ. "నేనేమన్నా తప్పు చెప్పానా?"

నాకు ఆరు నెలలు వెనక బెంచీ. ఎవెలియో పరీక్ష వచ్చే పెంతెకోస్తు దాకా పొడిగింపు. ఇంటిని చక్కగా ఏలుకోలేదు కదా మరి. అది పాస్టర్ గారు పైకి చదవలేదు గానీ, ఆడవాళ్ళ బెంచీలు గుర్తుచేసుకున్నాయి.

ఇంటికొచ్చాం. నేను చిక్కుడు గింజలు వెచ్చబెట్టాను, ఆయన ముట్టుకోలేదు. పెరట్లో నిలబడి ఉన్నాడు.

"ఏదో ఒకటి అనయ్యా," అన్నాను. "పరీక్ష ఎలాగూ పోయింది. ఇప్పుడన్నా తిట్టు."

ఆయన ఇటు తిరిగాడు. ఆ మొహం నేను పదహారేళ్ళ కాపురంలో చూడలేదు.

"పరీక్ష కోసమా?" అన్నాడు. "పరీక్ష కోసం నోరు మూసుకున్నాననుకున్నావా నువ్వు ఇన్నాళ్ళూ?"

ఔను, నేను అలాగే అనుకున్నాను.

"ఆరు రోజులు తవ్వాను ఒదీలియా! ఎనభై గుంటలు! నువ్వు రోజూ నా చేతులకి గుడ్డ కట్టావు! నేను ఊరందరి ముందూ నిలబడి దేవుడికి వందనాలు చెప్పాను, లేని లీకు మూశాడని! ముసల్దాని చెయ్యి విరిగింది!" ఎండిన నీళ్ళ తొట్టిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. సిమెంటు తొట్టి కదల్లేదు. ఆయన కాలి బొటనవేలు పట్టుకుని నేల మీద కూలబడి, పెద్దగా ఏడ్చేశాడు.

ఆ ఎండాకాలంలో మా ఇంట్లో మొదటిసారి ఆయనకి కోపం వచ్చింది. నాకు రావడం మానేసింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ముట్టుకోనివ్వలేదు. తర్వాత కాలు మాత్రం చాపాడు. గోరు నల్లబడింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కుంటుతూ పార తీసుకున్నాడు. వానలు పడితే గుంటల్లో పశువుల కాళ్ళు విరుగుతాయి, పూడ్చాలి. నేను ఇంకో పార తీసుకుని వెనకే వెళ్ళాను. రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. రోజూ ముందు దోన్యా ఎర్లిందా ఇంటికి రెండు బిందెలు మోసిపెట్టి, తర్వాత గుంటలు పూడ్చేదాన్ని. ఆవిడ మొదటి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "ఆ బిందె మూల కాదు, ఇటు పెట్టు," అంది. నాకు అంతే చాలనిపించింది.

నాలుగోరోజు డోన్ తాంచో తన పార తీసుకుని వచ్చాడు. ఎవెలియో కాస్త పైన ఇంకో గుంట దగ్గర ఉన్నాడు. డోన్ తాంచో నా పక్కన నిలబడి నాలుగు పారలు మట్టి లోపలికి లాగాడు.

"అయితే ఆ నీళ్ళు అతను వదల్లేదన్నమాట," అన్నాడు.

"లేదు."

"తొమ్మిదింటికే కట్టెయ్యమని చెప్పి వెళ్ళాడు. నేను అన్నేసి మాటలన్నాక కూడా."

"ఔను."

ఇంకో నాలుగు పారలు లాగాడు. పారకి గడ్డం ఆనించి మా ఆయన వంక చూశాడు.

"ఈ ఊళ్ళో నేను తిట్టి పని చేయించుకోలేని మనిషి అతనొక్కడేనమ్మా. తిరిగి తిట్టనివాడూ అతనొక్కడే. మీ అయ్యగారు అడిగితే మొదట అదే చెబుదామనుకున్నా. నీ కంచె దగ్గర కూడా చెప్పానుగా? తొమ్మిది కొట్టగానే కట్టేస్తాడు, నేనైనా ఒకటే, వాళ్ళమ్మయినా ఒకటే అని." నా వైపు తిరిగాడు. నిజంగా బాధపడుతున్న మొహం. "నువ్వు మధ్యలో నీళ్ళు వదిలి నా చేత మాట మార్పించావు."

నేను పారనిండా మట్టి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కంచె దగ్గర ఆయన మోచేతులు, ఆ నవ్వు, ఆ మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. అవే మాటలు సంఘం ముందు చెప్పి ఉంటే పాస్టర్ గారికి ఇంకేం కావాలి? నేను వాటిని బెదిరింపనుకుని పదిహేను రోజులు నిద్రపోలేదు.

కింద ఎవరింట్లోనో రేడియోలో తొమ్మిదింటి వార్తల బాజా మోగింది. ఎవెలియో పార నేలలో గుచ్చి, చేతులు దులుపుకుని, రాడ్డు తీసుకుని కుంటుతూ కిందికి నడిచాడు.

డోన్ తాంచో ఉలిక్కిపడ్డాడు. "ఏయ్! ఏయ్ బ్రదరూ! ఐదు నిమిషాలాగరా, నా మట్టి సగమే తడిసింది!" పార అక్కడే పారేసి పరిగెత్తాడు. రోడ్డు మలుపు దగ్గర మా అత్తగారి గురించి మళ్ళీ అదే మాట అన్నాడు.

వాల్వు బిగుసుకుంటూ కిర్రుమన్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. నేను మట్టి గుంటలో వేసి, పైకెక్కి తొక్కాను. నా కాళ్ళ కింద పైపులో నీళ్ళు పై పేటకి ఎక్కుతున్నాయి.